తేటక్రింది మడ్డి

నీళ్ళు తేరినవి అంటారు; మనిషి తేరుకొన్నాడు అంటారు. రెండింటికీ తెలుగువాడు ఒకే ధాతువును వాడుకొన్నాడు. కలకబారిన నీటిని కదల్చకుండా ఉంచితే బరువైనదంతా అడుగుకు దిగి పైన తేట నిలుస్తుంది. దుఃఖంచేత కలతపడినవాణ్ణి కొంతకాలం కదల్చకుండా విడిచిపెడితే వాడూ అట్లే తేరుకొంటాడు. కలక, కలత అన్నవి కూడ ఒక్క ఇంటి మాటలే. కర్నూలు జిల్లా పడమటి కొసన, కన్నడసీమకు చేరువగా ఉన్న హొళగుంద వంటి ఊళ్ళలో ఈ ముచ్చట మరికొంత లోతుగా కనిపిస్తుంది. అక్కడి వీధులలో తెలుగుతోబాటు కన్నడమూ చెవిన పడుతుంది. కన్నడంలో 'తిళి' అంటే తేటపడుట. తెలిసికొనుట అనే అర్థమూ ఆ మాటకే ఉన్నది. తెలుగులోని తెలి, తెలియు అనే మాటలు దానికి దగ్గర చుట్టాలు. తెలివి అంటే మడ్డి దిగిన నీటివంటిదని ఈ రెండు భాషలూ ఏనాడో ఒప్పందం చేసికొన్నట్లున్నది.

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని తేటను ఇంతగా మెచ్చిన భాషలో మడ్డికి దక్కిన గౌరవమేమిటి? నూనెజాడీలో దిగినది మడ్డి, కరగిన నేతిలో దిగినది గసి, చెరకు నమిలి ఉమిసినది పిప్పి. వీటిలో ఒక్కటైనా విస్తరిలో వడ్డించదగిన మాట కాదు. అయితే పులిసిన పదార్థం అడుగున దిగే మడ్డి సంగతి వేరు. పని పూర్తిచేసి అలసి పడుకొన్న కూలీవంటిది అది. దానిని ఎంతవరకు కదల్చకూడదు, ఎప్పుడు వేరుచేయాలి, వేరుచేసిన తరువాత ఏమి చేయాలి అన్న ప్రశ్నలకు సమాధానం వెదకుతూ పోయినవారి దారి వంటింటి కుండనుండి బయలుదేరి, చివరకు ఒక తెలుగు శాస్త్రజ్ఞుని ప్రయోగశాలకు చేరింది.

ఆదోని, ఎమ్మిగనూరు, హొళగుంద ప్రాంతం మెట్టపంటల సీమ. జొన్న, కొర్ర, సజ్జ అక్కడి పాత తిండిగింజలు. పిండిని నీళ్ళలో కాచి, రాత్రంతా ఉంచి, తెల్లవారి మజ్జిగా ఉప్పూ చేర్చుకొని ఉల్లిగడ్డ కొరుక్కొంటూ త్రాగే అంబలి ఎండకాలపు ఆహారం. ఆ కుండను కదల్చక ఉంచితే పైన పలుచని పుల్లనీరు, క్రింద చిక్కని పిండి విడివిడిగా నిలుస్తవి. ఇల్లాలు గరిటెతో అడుగునుంచి కలియబెట్టి పోస్తుంది. బలమంతా అడుగుననే ఉన్నది. పైతేటను మాత్రమే పోస్తే పొలానికి పోయేవానికి ఆకలి తీరదు. కోస్తా ఇళ్ళలోని తరవాణి కుండ నడక దీనికి ఎదురు. అన్నం వార్చిన గంజిని రోజురోజూ చేరుస్తూ పులియబెట్టే ఆ కుండలో పైతేటను ముంచుకొంటారు, అడుగును ముట్టరు. అడుగున ఉన్నదే రేపటికి విత్తనం. ఆ కుండను తెలియక శుభ్రంగా కడిగిపెట్టిన కొత్తకోడలికి అత్తగారి చివాట్లు తప్పకపోవడం వట్టి చాదస్తమని కొట్టివేయరాదు. ఎన్ని నెలలనుండియో కుదురుకొన్న పులుపు ఆ నీళ్ళతో తూమున పడిపోయింది గదా!

ఈతకల్లు ముంత విషయమూ ఇంతే. నిన్నటి మడ్డి పట్టి ఉన్న ముంతలో నేటి రసం పడితే తెల్లవారేసరికి నురుగు కట్టుతుంది. అదే ముంతను కడిగి లోపల సున్నం పూసి కట్టితే తియ్యని నీరా దిగుతుంది. చెట్టు ఒకటే, గీత ఒకటే, రసం ఒకటే. ముంత అడుగున ఉన్నదానినిబట్టి పేరు మారుతుంది.

ఇంటిలో బీరు కాచుకొనే దేశాలలో ఈ మడ్డి పెద్ద చర్చనీయాంశం. బ్రిటనులో 1963 నుండి అనుమతిపత్రంతో పనిలేకుండా, అమెరికాలో 1978నాటి చట్టం తరువాత కేంద్రప్రభుత్వపు పన్ను లేకుండా, గృహస్థులు తమ వాడకానికి మాత్రం బీరు కాచుకొనే వీలు కలిగింది. ఆంధ్రదేశంలో అట్లా కాదు; 1968నాటి ఎక్సైజు చట్టం ప్రకారం అనుమతి లేనిదే మత్తుపానీయం తయారుచేయడం నేరం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగళ్ళకు ఎదురుతిరిగిన రాష్ట్రంలో అటువంటి కట్టుబాటు ఎందుకని ఎవరూ అడుగరు. కనుక కాచుకొనే విధానంతో ఇచ్చట పనిలేదు. పాత్ర అడుగున జరిగే వ్యవహారం మాత్రం బీరుకు ఎంత వర్తిస్తుందో ఇంటి తరవాణికి, వైద్యుని అరిష్టానికి అంతే వర్తిస్తుంది. బీరును గురించి లోకం ఎక్కువ పరిశోధన చేసినది కనుక దృష్టాంతం దానినుండి తీసికొనవలసి వచ్చింది.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నలగగొట్టి వేడినీటిలో నానబెడితే తియ్యని రసం దిగుతుంది. దానిలో చేదుకోసం హాప్ పూలు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు చేరుస్తారు. మరిగేటప్పుడూ చల్లారేటప్పుడూ అందులోని మాంసకృత్తులు విరిగిన పాలవలె తునకలై దిగిపోతవి. హాప్ పూల నలుసులు వాటితో కలుస్తవి. ఇది మొదటి మడ్డి. దీనిని చెత్త అన్నా తప్పులేదు. తరువాత వారం పదిరోజులు ఈస్టు చక్కెరను తిని, సారాయిని, బొగ్గుపులుసు వాయువును విడిచి, తానూ అనేక రెట్లు పెరిగి చివరకు అడుగు చేరుతుంది. ఇది రెండవ మడ్డి, దీనిలో ప్రాణమున్నది. ఇరవై లీటర్ల తొట్టిలో ఈ రెండూ కలిసి ఒకటి రెండు లీటర్ల చోటు ఆక్రమించడం సాధారణం. పరిశీలించి చూస్తే మట్టివన్నె పొరపైన మీగడవంటి తెల్లని పొర ఒకటి కనబడుతుంది. అనుభవం కలవారు కోరి దాచుకొనేది ఆ తెల్లనిదానినే.

పాత్రలో చోటు తినివేయడం మడ్డికి సహజగుణం. ఈ సంగతి హొళగుంద ప్రాంతపు రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. 1953లో నీరు నిలిపిన తుంగభద్ర జలాశయం నిర్మాణకాలపు లెక్కలో 133 టి.ఎం.సి.లు పట్టేది, 2016 సర్వేనాటికి అది 105.788 టి.ఎం.సి.లకు దిగింది. తక్కినదంతా ఒండ్రు. దిగువకాలువ కొసన పొలమున్నవానికి ఆ ఒండ్రు ఎంత దూరాన ఉన్నా కళ్ళముందు ఉన్నట్లే. తొట్టి అడుగు మడ్డిని గరిటెతో ఎత్తిపోయవచ్చును. ఆనకట్ట అడుగు మడ్డికి తగిన గరిటె ఇంకా దొరకలేదు.

ఆ తెల్లని పొర ప్రాణమున్నదని లోకం ఒప్పుకొనడానికి చాలకాలం పట్టింది. 1516లో బవేరియా ప్రభువులు బీరులో బార్లీ, హాప్, నీరు తప్ప మరేదీ చేర్చరాదని శాసించినప్పుడు ఈస్టు పేరే ఎత్తలేదు. పాత తొట్టి అడుగునుండి కొత్త తొట్టికి చేతిమీదుగా నడచివచ్చేది సరకుల పట్టీకి ఎక్కలేదు. 1680లో హాలండు దేశపు లేవెన్‌హుక్ తన భూతద్దంక్రింద బీరు ఈస్టును చూచి గుండ్రని రేణువులను వర్ణించినాడు గాని, అవి జీవులని గుర్తింపలేదు. 1837 ప్రాంతంలో ఫ్రాన్సున కాన్యార్ ద లా తూర్, జర్మనీలో ష్వాన్, క్యూట్జింగ్ వేరువేరుగా పరిశీలించి, అవి మొగ్గ తొడిగి పెరుగుతున్నవని చెప్పినారు. రసాయన శాస్త్రానికి ఆనాడు చక్రవర్తులైన లీబిగ్, వోలర్ 1839లో పేరు పెట్టని వ్యాసమొకటి ప్రకటించి, ఈస్టును చక్కెర మ్రింగి సారాయి విసర్జించే చిట్టిజంతువుగా చిత్రించి నవ్వుకొన్నారు. పెద్దల పరిహాసం ఒక సత్యాన్ని ఎంతకాలం గడపబయట నిలబెట్టగలదో ఉపాధ్యాయులు గమనింపదగిన ఘట్టమిది. పాస్టరు ఏళ్ళతరబడి శ్రమించి 1876లో బీరును గురించిన గ్రంథం వెలువరించేనాటికి గాని ఆ నవ్వు పూర్తిగా ఆగలేదు. 1883లో కోపెన్‌హేగన్ నగరంలోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒకే ఒక్క కణంనుండి శుద్ధమైన ఈస్టు వంశాన్ని పెంచినాడు. అంతవరకు తొట్టి అడుగున ఉన్నది మంచీ చెడూ కలిసిన మూక. అప్పటినుండి ఏరిపెట్టుకొన్న విత్తనం.

భారతదేశపు పూర్వులు దానిని జీవి అనలేదు గాని విత్తనమని మాత్రం అన్నారు. పులియబెట్టడానికి చేర్చే ముద్దకు సంస్కృతంలో కిణ్వమని పేరు. సామాన్యశాస్త్ర పాఠ్యపుస్తకాలలో పిల్లలు వల్లెవేసే కిణ్వనం అనే మాట అక్కడినుండి తెచ్చుకొన్నదే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని బాధ్యతలు చెప్పే ప్రకరణం ఒకటి ఉన్నది. మద్యం తయారీ అంతా రాజ్యపు అదుపులో ఉండవలసినదే అయినా, గృహస్థులు శుభకార్యాలకు తెల్లసురను, ఔషధానికి అరిష్టాన్ని తామే చేసికొనవచ్చునని అక్కడ మినహాయింపు కనబడుతుంది. సురకు, కిణ్వానికి సంబంధించిన ఏరుడు పని స్త్రీలకూ పిల్లలకూ అప్పగించినాడు. చెడిపోయిన సురను పందుల పోషణకు పంపవచ్చునన్నాడు. ఏదీ వృథాగా పోనీయని మనిషి ఆయన.

శార్ఙ్గధర సంహిత మరొక అడుగు ముందుకు వేసి, పులిసిన బానలో పొరపొరకూ పేరు పెట్టింది. అన్నిటికంటె పైనుండే తేట ప్రసన్న. దానికంటె చిక్కనిది కాదంబరి. దాని క్రిందిది జగలం. జగలంకంటె చిక్కనిది మేదకం. సారం పోగా మిగిలిన పిప్పి వక్కసం. అన్నిటికీ బీజం కిణ్వకం. కాదంబరి పేరు వినగానే బాణభట్టుని నాయిక గుర్తుకు రావడం సహజం. ఆ కథలో ఆమె తల్లి పేరు మదిర. ఆ మహాకవి ఊరక పెట్టిన పేర్లు కావు. పైనుండి క్రిందివరకు ఒకే బానలో ఇన్ని పేర్లు చూడగలిగినవారు అడుగుదానిని వట్టి చెత్తగా చూచి ఉండరు. నేటి తొట్టిలో తేట, ఈస్టు, మాంసకృత్తుల తునకలు అని మూడు లెక్కించి సరిపెట్టుకొంటున్నారు.

మరి తేరడానికి ఎంతకాలం పట్టుతుంది? 1851లో స్టోక్స్ అనే గణితశాస్త్రజ్ఞుడు దీనికి సూత్రం చెప్పినాడు. ద్రవంలో దిగే చిన్న గోళం వేగం దాని వ్యాసార్థపు వర్గాన్ని అనుసరించి ఉంటుంది. వ్యాసార్థం రెండింతలైతే వేగం నాలుగింతలు, పదింతలైతే నూరింతలు. ఒంటరి ఈస్టుకణం మిల్లీమీటరులో నూరోవంతుకు మించదు. అది గంటకు కొన్ని మిల్లీమీటర్లు దిగితే గొప్ప. అడుగెత్తు తొట్టిలో అడుగు చేరడానికి దానికి నాలుగైదు రోజులు కావాలి. కాని పని ముగిసిన తొట్టి అంతకంటె త్వరగా తేరడం కనబడుతూనే ఉన్నది. కారణం, కణాలు ఒంటరిగా దిగవు, గుంపుకట్టి దిగుతవి. ప్రతి కణం పైపొరలోను చేతులవంటి మాంసకృత్తులున్నవి. ప్రక్కకణపు గోడలోని చక్కెర గొలుసులను అవి పట్టుకొనగలవు. అయితే ద్రవంలో చక్కెర ఉన్నంతసేపు ఆ చేతులు దానితోనే నిండి ఉంటవి. తిండి తీరిన తరువాతనే చేయీ చేయీ కలుస్తుంది. విందు ముగియనిదే పంక్తి లేవదన్నమాట! అన్ని రకాల ఈస్టుకూ ఈ కలుపుగోలుతనం సమానంగా ఉండదు. కొన్ని జాతులు రాయివలె దిగి గట్టిపడతవి. కొన్ని ఎన్నాళ్ళకూ కలకగానే తేలుతుంటవి. వీటికి చల్లదనం తోడుచేస్తారు. మంచుకు దగ్గరగా చల్లబరచి ఒకటి రెండు రోజులు ఉంచితే తేలాడేది చాలవరకు దిగిపోతుంది.

చల్లదనానికి సౌకర్యం లేనిచోట లోకం మరొక ఉపాయం కనిపెట్టింది. ఏటికి కొత్తనీరు వచ్చే రోజులలో కడవ లోపలి అంచుకు చిల్లగింజను అరగదీసి నీళ్ళు పోయడం తెలుగునాట పాతపద్ధతి. కొన్నిచోట్ల దానినే ఇండుపగింజ అంటారు, సంస్కృతంలో కతకం. ఈ గింజ పేరు తలచుకొన్నంతమాత్రాన నీరు తేరదని మనుస్మృతి దీనిని దృష్టాంతంగా తెచ్చుకొన్నది. ఆయుర్వేదంలో దశమూలారిష్టం చేసే విధి చూడండి. కషాయానికి బెల్లం, తేనె, ధాతకీపుష్పం మొదలైనవి చేర్చి, పాత్రకు మూతవేసి నెలరోజులు సంధానం చేసిన తరువాత, కతకఫలం వేసి రసాన్ని నిర్మలం చేయమని చెప్పినారు. గింజలోని మాంసకృత్తులూ జిగురుపదార్థాలూ తేలాడే నలుసులను ముడివేసి బరువెక్కిస్తవి. స్టోక్స్ సూత్రం తక్కిన పని చేస్తుంది. ఇంగ్లండులో పీపాబీరుకు ఇదే సేవ చేప గాలితిత్తినుండి తీసిన జిగురు చేస్తూ వచ్చింది. ఆ జిగురుకు ధనవిద్యుత్తు, ఈస్టుకణానికి ఋణవిద్యుత్తు. ఒకదానినొకటి ఆకర్షించుకొని కలిసి దిగుతవి. చిల్లగింజను అరగదీసిన గృహిణికి విద్యుత్తు మాట తెలియదు. గాలితిత్తిని నానబెట్టిన ఆంగ్లేయునికీ మొదట తెలియదు.

మొదటి మడ్డిని, అనగా మరిగిన రసంలోని తునకలను, ఈస్టు చేర్చకముందే తీసివేయడానికి ఇంకొక చమత్కారమున్నది. ఇది తరగతిలో ఖర్చులేకుండా చూపవచ్చును. గాజుగ్లాసులో నీళ్ళుపోసి కొంచెం టీ ఆకు వేసి చెంచాతో గుండ్రంగా త్రిప్పి వదలితే, ఆకు అంచులకు పోవలసినది పోయి గ్లాసు నడుమ అడుగున కుప్పపడుతుంది. అడుగుకు రాసుకొనే నీరు నెమ్మదించి లోపలివైపు ప్రవహించి, ఆకును తనతో నడుమకు తెస్తుంది. 1926లో ఐన్‌స్టీను నదుల వంకరలను గురించి వ్రాస్తూ ఈ టీకప్పునే ఉదాహరణగా తీసికొన్నాడు. 1960 దశకంనుండి పెద్ద బీరు కర్మాగారాలలో రసాన్ని గుండ్రని పాత్రలో సుడిత్రిప్పి, నడుమ పడిన కుప్పను వదలి, ప్రక్కనుండి తేటను తీస్తున్నారు.

ఇక వంచడం. అసలు చిక్కంతా ఇందులోనే ఉన్నది. తేరినదానిని కదల్చకుండా వేరుచేయడం అన్నం వార్చే ఇల్లాలికి నిత్యం తెలిసిన పనే. తొట్టి అంతకంటె పెద్దది, కదిలితే మళ్ళీ రెండు రోజులు తేరవలసినది. అందుకే ఇంటిబీరు తొట్టికి కుళాయిని అడుగున పెట్టరు. మడ్డి ఎత్తును ఊహించి దానికి కొంచెం పైన పెట్టుతారు. గొట్టంతో లాగేవారు గొట్టపు కొసకు చిన్నటోపీ తొడుగుతారు. ద్రవం క్రిందినుండి గాక పైనుండి దిగి లోపలికి పోతుంది. తొట్టిక్రింద ఒకప్రక్క చెక్కముక్క పెట్టి మొదటిరోజునుండియే వాల్చి ఉంచితే మడ్డి ఎదుటిమూలకు చేరుతుంది. ఈ ఉపాయాలన్నిటికంటె కష్టమైనది చివరి గ్లాసుమీద ఆశ వదలుకోవడం. దానికోసం గొట్టం ఇంకొక అంగుళం దించినవాడు తేరినదంతా కలకచేసుకొంటాడు.

వంచే సమయాన్ని గురించి అభిప్రాయభేదమున్నది. తొందరపడి వంచితే ఈస్టు పని సగంలో ఆగుతుంది. పులిసే తొలిరోజులలో వెన్నవాసన వేసే పదార్థమొకటి పుట్టుతుంది. దానిని తిరిగి మ్రింగివేయడం కూడ ఈస్టు పనే. మడ్డిని ముందుగా విడదీసినవానికి ఆ వాసన మిగులుతుంది. మరీ ఆలస్యం చేస్తే ఆకలికి చచ్చిన కణాలు పగిలి, లోపలి రసాలు పైకి వచ్చి రుచి చెడుతుంది. ఇంటిబీరు పాతపుస్తకాలు ఈ రెండవ భయంతో వారంలోపలనే తేటను మరొక పాత్రకు మార్చమనేవి. నేటి అనుభవజ్ఞులలో చాలమంది చిన్నతొట్టిలో మూడు నాలుగు వారాలు మడ్డిపై ఉన్నా నష్టం లేదంటారు. పాత్ర మార్చేటప్పుడు కలిసే గాలి చేసే చెరుపే ఎక్కువ అంటారు. వీరి మాటే సమంజసంగా కనబడుతుంది. అయితే కర్మాగారాలలోని నిలువెత్తు తొట్లకు ఈ ఉదారత పనికిరాదు. పైనున్న ద్రవపు బరువూ, కుప్పలో పుట్టే వేడీ కణాలను త్వరగా చంపుతవి. అందుకే వాటి అడుగును గరాటువలె కోణాకారంగా చేసి, దిగినదానిని దిగినట్లు క్రింది కుళాయిద్వారా తీసివేస్తారు. జర్మనీలో గోధుమబీరు త్రాగేవారికి మాత్రం ఈ బాధలేవీ లేవు. వారు సీసాలో మిగిలిన చివరి భాగాన్ని సుడిత్రిప్పి, మడ్డితో సహా గ్లాసులో పోసికొంటారు. అంబలి కలియబెట్టే ఇల్లాలికి వారు దూరపు చుట్టాలు.

తీసిన మడ్డి ఏమవుతుంది? మంచి పొరను చల్లగా దాచి మరొక తొట్టికి విత్తనం చేస్తారు. కాని ఒక తొట్టి మడ్డి మూడు నాలుగు తొట్లకు చాలుతుంది, తక్కినది? పందులకు వేసినారు, కాలువలకు వదలినారు. పందొమ్మిదవ శతాబ్దంలో ఈ మడ్డిని గట్టిపరచి తినదగిన లేహ్యంగా చేయవచ్చునని కనుగొన్నవాడు, విధి విలాసమో ఏమో, ఈస్టును చూచి నవ్విన ఆ లీబిగ్ మహాశయుడే. 1902లో ఇంగ్లండులో బీరుకు ప్రసిద్ధమైన బర్టన్ పట్టణాన మార్మైట్ అనే కంపెనీ పుట్టి, పొరుగున ఉన్న కర్మాగారాల మడ్డిని కొని, నల్లని ఉప్పని లేహ్యం చేసి జాడీలలో అమ్మసాగింది. రొట్టెకు రాచుకొనే చవకసరకు అది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చినారు. అక్కడి బట్టలమిల్లులలో పనిచేసే స్త్రీలు గర్భవతులైనప్పుడు ఒక విచిత్రమైన రక్తహీనతకు గురియై ప్రాణాపాయంలో పడుతున్నారు. ఇనుము తక్కువైనప్పుడు ఎర్రకణాలు చిన్నవౌతవి. వీరిలో అవి మామూలుకంటె పెద్దవై కనబడినవి. వ్యాధి ఏ క్రిమివల్లనో కలిగినదని అనుమానించి వెదకిచూచినారు; దొరకలేదు. పేదస్త్రీల తిండిని పరిశీలించగా పండ్లు, కూరలు అందులో బహుస్వల్పం. అటువంటి తిండి పెట్టిన ఎలుకలకు ఈస్టు చేర్చి చూచినారు, మేలు కనబడింది. కోతులలోను పరీక్షించినారు. చివరకు చవకగా దొరికే ఆ నల్లని లేహ్యాన్ని రోగులకు ఇచ్చినారు. గర్భవతులు కోలుకొన్నారు. తెలుగు మాటలో చెప్పవలెనంటే, తేరుకొన్నారు. 1931లో ఆ ఫలితం వైద్యపత్రికలో వెలువడింది. మడ్డిలో ఉన్న ఆ మేలుచేసే వస్తువు ఏమిటో తెలియక లోకం దానిని విల్స్ పదార్థమని పిలిచింది.

దానికి రూపం తెలియడానికి మరి పది పదిహేనేళ్ళు పట్టింది. 1941లో అమెరికాలో కొందరు పాలకూర జాతి ఆకునుండి అటువంటి ఆమ్లాన్ని తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమన్నారు. కాని బండెడు ఆకులకు చిటికెడు మందు వస్తే ఎందరు తల్లులకు చాలుతుంది? దానిని కృత్రిమంగా తయారుచేయవలెను. ఆ పని 1945లో న్యూయార్కు సమీపానగల లెడర్లే ప్రయోగశాలలలో నెరవేరింది. ఆ పరిశోధనకు నాయకుడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయనకు ఈ పని వట్టి ఉద్యోగధర్మం కాదు. యౌవనంలో ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే గ్రహణివంటి వ్యాధితో కొద్దిరోజుల తేడాలో చనిపోయినారు. ఆ వ్యాధి ఆయననూ పట్టుకొన్నప్పుడు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవల్ల బయటపడినట్లు చెప్పుతారు. తిన్న తిండి ఒంటపట్టని ఆ వ్యాధిలోనూ ఎర్రకణాలు పెద్దవై రక్తం పలుచబడుతుంది. ఫోలిక్ ఆమ్లం దానికీ మందైనది. ఇంకొక చిత్రం కూడ ఉన్నది. ఈస్టుకణం చక్కెరను విరిచి సారాయి చేసినప్పుడు తనకు మిగుల్చుకొనే శక్తి ఏ.టి.పి. అనే పదార్థం రూపంలో ఉంటుంది. ఒక్కొక్క గ్లూకోజు అణువుకు నికరంగా రెండు అణువులు. ఆ పదార్థాన్ని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కనుగొన్నదీ సుబ్బారావే. అదే ఏడు జర్మనీలో లోమన్ వేరుగా కనుగొన్నాడు. తొట్టిలో ఈస్టు దేనికోసం పాటుపడుతున్నదో, పాటుపడి దిగినదానిలో ఏమున్నదో, రెండు ప్రశ్నలకూ సమాధానంలో ఒక్క భీమవరంవానికి చేయి ఉండడం విశేషం. 1948లో ఆయన న్యూయార్కులో మరణించినాడు. నోబెల్ బహుమానం రాలేదు. భారతదేశంలోనైనా ఆయన పేరు తెలిసినవారు బహుకొద్దిమంది.

ఆ రోగం చరిత్రలో కలిసిపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భవతులలో 52.2 శాతం రక్తహీనులుగా తేలినారు. చాలమందికి మూలం ఇనుము లోపమే అయినా, ఫోలిక్ ఆమ్లం చాలనివారూ వారిలో ఉన్నారు. గర్భం నిలిచిన తొలివారాలలో అది చాలకపోతే శిశువు వెన్నుపాము సరిగా మూసుకొనదని 1991లో వెలువడిన బ్రిటిషు పరిశోధన నిరూపించింది. తల్లి కాబోయేనాటికి వెదకితే ఆలస్యమౌతుంది. అందుకే మాత్ర బడిలోనే మొదలుపెట్టినారు.

2018లో ప్రారంభమైన అనీమియా ముక్త్ భారత్ పథకంలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు వారానికొక మాత్ర ఏర్పాటు. చిన్నతరగతులవారికి గులాబిరంగుది, పది ఏళ్ళు దాటినవారికి నీలిరంగుది. హొళగుంద బడిలోనైనా భీమవరం బడిలోనైనా ఆ నీలిమాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటవి. పరగడుపున వేసికొంటే కడుపులో త్రిప్పుతుంది గనుక మధ్యాహ్న భోజనం తరువాత, ఉపాధ్యాయుని కళ్ళయెదుట మ్రింగించమని సూచన. మ్రింగినట్లు నటించి కిటికీలోనుండి విసిరేవాడు ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు. వానికి ఫోలిక్ ఆమ్లమంటే ఏమిటో చెప్పవలసివచ్చిన ఉపాధ్యాయుడు అంబలికుండ అడుగునుండి మొదలుపెట్టవచ్చును; ఆ కుండ వాని ఇంటిలోనే ఉన్నది.